ఇబ్రహీంపట్నంలో సమీనాకు ఒక గది

మా తమ్ముడి కూతురు సమీనాకు ఇబ్రహీంపట్నంలో రక్తపరీక్షలు చేసే ఒక సెంటర్‌లో ఉద్యోగం వచ్చింది. రక్తం పరగడుపున తీయాలి కాబట్టి డ్యూటీ పొద్దున ఆరింటికి మొదలవుతుంది. దేవరకొండ రోడ్డులో మాల్ అనే ఊరికి అవతల ఉన్న మా ఊరి నుంచి ఎంత తొందరగా బయలుదేరినా ఎనిమిదికి గాని అక్కడికి చేరలేం. అందుకని అక్కడే ఒక గది చూడాలి. ఉద్యోగంలో చేరాల్సింది సోమవారం. దసరా సెలవులు ముగిసిన వారంలో, శనివారం నాడు, నేనూ సమీనా గది వెతకడానికి బయలుదేరాం.

తమ్ముడు యూసుఫ్ ఒక షరతు పెట్టాడు. మేం ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. ఆపా అంటే అక్క.

"ఇంటివాళ్లు ఇష్టంగా ఇస్తే ఉండనీ ఆపా. మొహం చిట్లిస్తే మాత్రం పిల్లను వెంటబెట్టుకుని వచ్చెయ్. మన పిల్ల ఒకరి ఇంట్లో ఒదిగి ఉండొద్దు."

"ఉద్యోగం పోతుంది కదరా."

"పోతే పోనీ."

మా తాత మూడు ఊళ్లకు మక్తేదారు. ఆ ఊళ్ల శిస్తు ఆయన చేతిమీదుగా పోయేది. ఆయన కట్టించిన పెద్ద భవంతి, దేవిడి అనేవాళ్లు, దాని రాళ్లు ఇప్పుడు ఊరివాళ్ల ప్రహరీల్లో ఉన్నాయి. మాకు మిగిలినవి రెండు గదులు, ఒక చింతచెట్టు. ఆ రెండు గదుల ముందు కూడా యూసుఫ్ ఇస్త్రీ లేని చొక్కాతో కూర్చోడు. నేను ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు బడుల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. చీర కట్టి, తలకు స్కార్ఫ్ చుట్టుకుంటాను. సమీనా నల్ల బురఖా వేసి, నల్ల స్కార్ఫ్ కడుతుంది. ఇద్దరి ముఖాలూ బయటే ఉంటాయి. ఇలా తల కప్పుకుని ఆ దారిన గది కోసం వెళ్లే ఆడపిల్లలు ఇంకా ఉంటారు కాబట్టి వేళలతో సహా రాస్తున్నాను.

పొద్దున ఆరున్నరకు ఆటో ఎక్కాం. మాల్ దాకా మనిషికి ఇరవై రూపాయలు. ఆటో నడిపేవాడు నా దగ్గర చదువుకున్నవాడే. "చెల్లె నౌకరికి పోతున్నదా మేడం? మస్తు సంతోషం" అన్నాడు. మా ఊళ్లో మా తలల మీద ఏముందో ఎవరికీ కనబడదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నారు కాబట్టి మా ముఖాలే కనబడతాయి.

ఏడూ పదికి దేవరకొండ వైపు నుంచి హైదరాబాదు బస్సు వచ్చింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. ఇద్దరు కూర్చునే సీట్లో కిటికీ పక్కన ఒకామె ఉంది. మిగతా చోటంతా ఆమె కూరగాయల సంచి.

"అక్కా, జర సంచి తీస్తవా?" అని సమీనా అడిగింది.

"మనుషులొస్తరు" అందామె, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ మనుషులు చాలాసేపు రాలేదు. యాచారంలో నుదుట బొట్టు ఉన్న ఒకామె ఎక్కగానే సంచి ఒళ్లోకి వెళ్లింది. వాళ్లిద్దరిదీ ఏ ఊరో ఒకరినొకరు అడిగి తెలుసుకోవడం మేం నిలబడి విన్నాం.

మేం నిలబడ్డ చోటి పక్క సీట్లో ఉన్న పెద్దాయన, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు, మా ప్రయాణం గురించి అడిగాడు. చెప్పాను.

"తెలుగు మంచిగ మాట్లాడుతున్నవమ్మా. అచ్చం మా లెక్కనే!"

"మీ లెక్కన కాదు. మీ పిల్లలకు బడిలో నేను నేర్పినదాని లెక్కన."

ఆయన గట్టిగా నవ్వాడు. "తప్పయింది టీచరమ్మా. ఇగ కూసో" అంటూ లేచాడు. నిలబడటం నాకు అలవాటేనని చెప్పాను. ఇంతలో ఇంకెవరో వచ్చి అందులో కూర్చున్నారు.

"ఆయన మంచిగనే ఇచ్చిండు గద ఫుప్పు" అంది సమీనా. ఫుప్పు అంటే మేనత్త. బయట నాతో తెలుగులోనే మాట్లాడమని ముందే చెప్పింది. ఉర్దూ వినబడితే తలలు తిరుగుతాయట. ఆ మాట నాకు నచ్చలేదు, అయినా ఒప్పుకున్నాను.

ఎనిమిదీ ఇరవైకి ఇబ్రహీంపట్నంలో దిగాం. బస్టాండు ఎదురుగా ఇడ్లీ, టీ. ఇద్దరికీ కలిపి తొంభై రూపాయలు. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ పలచన.

మొదటి ఇల్లు అక్కడికి పది నిమిషాల నడక. ఇంటాయనతో ముందురోజు సాయంత్రం ఫోన్లో మాట్లాడాను. "మీ మాట వింటుంటెనే కడుపు నిండుతున్నది మేడం. టీచర్లకు ఇయ్యకపోతె ఎవరికిస్తం?" అన్నాడు. తొమ్మిదింటికి మేం వెళ్లేసరికి పైపుతో మొక్కలకు నీళ్లు పడుతున్నాడు.

"ఎవరు కావాలె?"

"నిన్న ఫోన్ చేసిన టీచర్‌ని."

ఆయన నన్ను చూశాడు, సమీనాను చూశాడు. పైపులో నీళ్లు తన కాళ్ల మీదే పడుతున్నాయి.

"అదా... అది పొద్దుగాలనే అయిపోయింది. మా చుట్టాలొచ్చి అడిగిన్రు."

"గేటుకు బోర్డు ఉంది కదా."

"తీస్తం, తీస్తం."

"తీయండి. మేం నిలబడతాం."

ఆయన పైపు కింద పడేసి, టు-లెట్ బోర్డు ఊడదీసి చంకలో పెట్టుకుని లోపలికి పోయాడు. మేం సందు మలుపు తిరుగుతూ వెనక్కి చూస్తే సుతిలి తాడుతో దాన్ని మళ్లీ కడుతున్నాడు. సమీనా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఫోన్లో నా మాట ఆయనకు కడుపు నింపింది. ఎదురుగా నిలబడితే ఆ మాట ఆయనకు వినబడలేదు.

పదింటికి బొంగులూరు వైపు షేర్ ఆటో ఎక్కాం. మనిషికి పాతిక. రింగ్ రోడ్డు దగ్గర వెంచర్లలో గదులు చాలా ఉన్నాయని, అక్కడి నుంచి పొద్దున్నే ఆటోలు దొరుకుతాయని సమీనా స్నేహితురాలు చెప్పింది. మొన్నమొన్నటి దాకా జొన్నలు పండిన చోట ఇప్పుడు ఒకే రంగు ఇళ్లు వరుసగా ఉన్నాయి. ఒక ఇంటి యజమాని మమ్మల్ని లోపలికి పిలిచి, కుర్చీలు వేసి, చల్లటి నీళ్లిచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, చేతికి లావు కడియం. పొలం అమ్మి ఇల్లు కట్టానని తనే చెప్పాడు.

"అక్కా, మనసుల ఒకటి పెట్టుకొని మాట్లాడుడు నాకు రాదు. మీరు మంచోళ్లే. పిల్ల కూడ మంచిగున్నది. ఆ గుడ్డతోనే తిప్పలు."

"ఏం తిప్పలు?"

"ఇక్కడ కమిటీ ఉన్నది. గేటు కాడ నల్లబట్టలు కనిపిస్తె గ్రూపుల మెసేజ్ పెడ్తరు. ఎవరు, ఎందుకొచ్చిన్రు అని. నాకేం లేదు తల్లీ, నా చిన్నప్పుడు పీర్ల పండుగకు నేనే ముందు నడిచేటోణ్ని. జర ఆ గుడ్డ తీసి తిరుగుతనంటే రేపే తాళం ఇస్త. ఫికర్ లేదు."

ఆయన మాటల మధ్యలో గేటు ముందు ఒక స్కూటీ ఆగింది. దాని మీద ఆడమనిషి తల, చెవులు, ముక్కు, నోరు అంతా చున్నీతో బిగించి చుట్టుకుంది. కళ్లకు నల్లద్దాలు, చేతులకు మోచేతుల దాకా తొడుగులు. ఒంటి మీద వేలెడంత చర్మం కూడా కనబడలేదు. నేరుగా ఇంట్లోకి వచ్చి, "మామా, పాల ప్యాకెట్లు తెచ్చిన" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

"ఎవరు?" అని అడిగాను.

"మా కోడలు."

"ఎట్ల గుర్తుపట్టారు?"

ఆయన ముఖం ఎర్రబడింది. "అది ఎండకు కట్టుకున్నదక్కా. దుమ్ముకు."

"కమిటీ మెసేజ్ పెట్టదా?"

"నువ్వు టీచరువు, నీతోని నేను గెలుస్తనా?" అని లేచి నిలబడ్డాడు. గేటు దాకా వచ్చి సాగనంపాడు కూడా. ఆ రోజు మాకు దొరికిన మర్యాదల్లో అదే మేలైనది. గది మాత్రం దొరకలేదు.

తిరిగి ఇబ్రహీంపట్నం చేరేసరికి పన్నెండూ ముప్పావు. మా వాళ్లు నడిపే బిర్యానీ హోటల్లో కూర్చోవడానికి పావుగంట నిలబడాల్సి వచ్చింది. ఎక్కడ చూసినా బొట్లు, కంకణాలు, కాలేజీ సంచులు. మా చేతి వంట కోసం అందరూ వరుసలో ఉన్నారు. ఒక ప్లేటు ఇద్దరం పంచుకున్నాం, నూట అరవై. అన్నం బాగుంది. సమీనా సగం వదిలేసింది.

"ఇంకొక్క ఇల్లే ఉన్నది ఫుప్పు. అది కూడ కాకపోతే?"

"కాకపోవడం ఉండదు" అన్నాను.

ఆ ధైర్యానికి కారణం ఉంది. మూడో ఇల్లు మాకు తెలిసినవాళ్లది. ఇంటావిడ పేరు సులోచనమ్మ. వాళ్ల మామగారు పక్క ఊళ్లకు పట్వారీ. మా నానమ్మకూ సులోచనమ్మ అత్తగారికీ రాకపోకలు ఉండేవి. రెండు ఇళ్లలోనూ ఘోషా. పెళ్లిళ్లకు ఇద్దరూ ఒకే తెరల బండిలో వెళ్లేవాళ్లని నానమ్మ చెప్పేది. నేను ఆ ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు. అయినా మా తాత పేరు చెబితే చాలనుకున్నాను.

రెండింటికి వెళ్లాం. రెండంతస్తుల పాత ఇల్లు. పైన మూడు గదులు అద్దెకు. రెండింట్లో కాలేజీ అమ్మాయిలు, ఒకటి ఖాళీ. మా తాత పేరు చెప్పగానే సులోచనమ్మ కళ్లద్దాలు సర్దుకుంది.

"అయ్యో, మక్తేదారు మనుమరాలివా! ఎంత పెద్ద ఇల్లు మీది! మా అత్తమ్మ ఎప్పుడూ చెప్తుండె. రండ్రి, కూసోండ్రి."

హాల్లో సోఫా మీద కూర్చున్నాం. టీ వచ్చింది. ఆవిడకు పింగాణీ కప్పులో, మాకు కాగితం కప్పుల్లో. నేను చూశానని ఆవిడ గమనించింది. "పనామె రాలేదమ్మా, కప్పులు కడుగుడు కష్టం" అంది. గోడ మీద అత్తగారి ఫొటో ఉంది. కొంగు కళ్ల మీదికి దిగి ఉంది, ముక్కుపుడక మాత్రం కనబడుతోంది.

"మా అత్తమ్మ ఏనాడు గడప దాటలె. దాటితె బండికి నాలుగు దిక్కుల తెరలు గట్టాలె. ఎడ్లను తోలేటోడు కూడ ఎనకకు చూడొద్దు. గంత మర్యాద!" అంది సులోచనమ్మ. ఆ మాట అంటుంటే ఆవిడ మెడ నిటారుగా లేచింది.

"ఆ బండిలో మా నానమ్మ కూడా ఉండేది" అన్నాను.

"అవ్ అవ్, ఉండేది."

"మరి మా సమీనా కూడా అట్లాంటి మర్యాదే పాటిస్తుంది."

ఆవిడ సమీనా స్కార్ఫ్ వైపు చూసింది. "అది వేరమ్మా. ఇప్పుడు ఎట్ల చూస్తున్నరో నీకు తెల్వదా? మీదున్న పిల్లల తండ్రులు ఒక్కొక్కలు ఒక్కో తీరు. తురకామెను పెట్టుకున్నదంటరు. బిడ్డా, నువ్వు ఇంట్ల కూడ తీయవా గిది?"

"గదిల తీస్త అమ్మా. బయటికొస్తె కట్టుకుంట" అంది సమీనా.

సులోచనమ్మ కాసేపు చేతి గాజులు తిప్పింది. "ఆలోచిస్త తియ్" అంది.

మా ఇంట్లో ఒక నియమం ఉంది. ఏదైనా ఒకసారే అడగాలి. రెండోసారి అడిగితే అది అడుక్కోవడం. మా తాత కౌలుకిచ్చిన భూమిని తిరిగి అడగలేదు, మా నాన్న రావలసిన పింఛను రెండోసారి అడగలేదు. మా ఇల్లు కూలడానికి కారణాల్లో ఇదీ ఒకటని నాకు తెలుసు. తెలిసీ నేను లేచాను.

"ఆలోచించండి. సెలవు" అని చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. కాగితం కప్పులో టీ అలాగే ఉంది.

రోడ్డు అవతల జిరాక్స్ షాపు నీడలోకి చేరాక సమీనా ఆగిపోయింది.

"ఎందుకు లేచొచ్చినవ్ ఫుప్పు?"

"విన్నావు కదా ఆమె మాట."

"ఆమె లేదనలె. ఆలోచిస్త అన్నది. ఇంకొక్కసారి అడిగితె ఇచ్చేటట్టే ఉండె."

"మనం రెండోసారి అడగం."

"మీరు అడగరు" అంది సమీనా. గొంతు పెద్దది చెయ్యలేదు. "పొద్దుగాల ఆరుగంటలకు మన ఖాందాన్ వచ్చి నన్ను డ్యూటీల దింపుతదా? మూడేండ్లు చదివిన. అబ్బా షరతు ఒకదిక్కు, మీ నియమం ఒకదిక్కు. నడుమ నా నౌకరి పోతున్నది."

వెనక్కి తిరిగి రోడ్డు దాటి వెళ్లిపోయింది. తలుపు తీశారు. లోపలికి వెళ్లింది. మూడింటికి ఐదు నిమిషాలు తక్కువ.

ఆ నీడలో నేను అరగంట నిలబడ్డాను. షాపులోని ఆమె, "జిరాక్సా అమ్మా?" అని రెండుసార్లు అడిగింది. ఏమీ వద్దన్నాను. మూడోసారి ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేసింది. ఈసారి కూర్చున్నాను.

మూడున్నరకు సమీనా తాళంచెవి పట్టుకుని వచ్చింది.

"ఇచ్చింది."

"ఏమని ఇచ్చింది?"

"ఎనకసందుల ఇనుప మెట్లున్నయి. అటునుంచే ఎక్కాలె, దిగాలె. ముందటి నుంచి రావొద్దు. నల్లబట్టలు ముందు దండెం మీద ఆరేయొద్దు." తాళంచెవి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నలుగురి ముందట నన్ను సోని అని పిలుస్తదట. సమీనా అంటే అందరు అడుగుతరట."

"నువ్వు ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్న. సోని అంటె పలుకుత. నాకేం, సెంటర్ల నా కోటు మీద సమీనా అనే ఉంటది."

మా దేవిడిలో పనికి వచ్చిన ప్రతి ఆడపిల్లకూ మా నానమ్మ కొత్త పేరు పెట్టేది. లక్ష్మి, యాదమ్మ, బాలమణి, ఎవరైనా సరే, లోపలికి వచ్చాక చమేలీ. ఒక చమేలీ పెళ్లి చేసుకుని వెళ్లిపోతే తర్వాత వచ్చిన పిల్లా చమేలీయే. వాళ్లంతా వెనక వాకిలి నుంచే వచ్చేవాళ్లు. ఆ పేరు ఎంత బాగుందో అని నేను చిన్నప్పుడు మురిసిపోయేదాన్ని. ఏ చమేలీ అసలు పేరు ఏమిటో నానమ్మ పోయాక తెలిసింది, అదీ ఇద్దరివి మాత్రమే. సులోచనమ్మను తిట్టడానికి నాకు చాలా మాటలు వచ్చు. ఒక్కటీ అనలేకపోయాను.

గది చూశాను. ఇనుప మెట్లు పంతొమ్మిది, ఊగుతాయి. గదికి ఒక కిటికీ. నీళ్లు పొద్దున ఐదున్నరకు వస్తాయి. సెంటర్‌కు నడిచి ఎనిమిది నిమిషాలు. అన్ని లెక్కలకూ సరిపోయే గది. చాప, బకెట్, చీపురు కొనిచ్చాను. సోమవారం దాకా ఆగకుండా ఆ రోజే ఉండిపోతానంది సమీనా. ఖాళీగా వదిలితే ఇంకెవరికైనా ఇస్తారని భయం. మెట్ల కింద నా చేయి పట్టుకుని, "అబ్బాకు ఏమీ చెప్పకు ఫుప్పు" అంది. వాళ్ల నాన్న సంగతి నాకంటే ఆమెకు బాగా తెలుసు.

నాలుగూ నలభైకి దేవరకొండ బస్సు. సీటు దొరికింది, కిటికీ పక్కనే. పక్క సీటు మాల్ దాకా ఖాళీగానే ఉంది. బస్సులో నిలబడ్డవాళ్లు ఆరుగురు. తల కప్పుకుని ఇబ్రహీంపట్నం వెళ్లే చెల్లెళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. గది దొరుకుతుంది. ఫోన్లో కాకుండా ఎదురుగా వెళ్లి అడగండి, లేకపోతే ఆశపడి దెబ్బతింటారు. ముందు గుమ్మం గురించి అడగకండి. వెంట నాలాంటి పెద్దమనిషిని తీసుకెళ్లకండి.

యాచారం దాటాక యూసుఫ్ ఫోన్ చేశాడు. ఉర్దూలోనే అడిగాడు.

"గది దొరికిందా ఆపా?"

"దొరికింది. సులోచనమ్మ వాళ్లింట్లో."

"ఆ తెరల బండి వాళ్లా! మన తాత పేరు చెప్పావా?"

"చెప్పాను. గుర్తుపట్టింది."

"ఇష్టంగానే ఇచ్చారు కదా?"

ఇనుప మెట్ల సంగతి చెబితే వాడు పొద్దు గుంకే మగ్రిబ్ నమాజు వేళకల్లా బండి వేసుకుని ఇబ్రహీంపట్నం చేరి, పిల్లను చాపతో సహా వెనక్కి తెస్తాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ పిల్ల అబద్ధమాడినా ముఖం చూసి పట్టేశాను. యూసుఫ్‌కు నా ముఖం కనబడటం లేదు.

"ఇష్టంగానే ఇచ్చారు" అన్నాను.

వాడు ఫోన్ చెవి నుంచి దూరంగా పెట్టి, ఇంటి ముందు ఎవరో కూర్చున్నట్టున్నారు, వాళ్లతో తెలుగులో గట్టిగా చెప్పడం వినబడింది. "చూసిన్రా, మక్తేదారు పేరు చెప్పంగనే లేచి నిలబడి ఇచ్చిన్రంట!"

లేచి నిలబడ్డారని నేను చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు.